వాడుక పేర్లు రాసిపెట్టిన మనిషి

మా బాబాయ్ పోయారన్న కబురు నాకు ఫ్యాక్టరీలో, కంప్యూటరు చూడటానికి వెళ్ళిన స్టోర్స్ కిటికీ దగ్గర తెలిసింది. పొద్దుటి షిఫ్టు మొదలై గంట కూడా కాలేదు. సామాను కోసం వచ్చిన ముసలి ఫిట్టర్ దాదా చీటీ ఇవ్వకుండా అలాగే నిలబడి, "దీదీ, బాబాయ్ ఆర్ నేయ్" అన్నాడు. బాబాయ్ ఇక లేరని. గుండెనొప్పి వచ్చిందట, ఆస్పత్రి గేటు దాకా కూడా ఆగలేదట. బెంగాలీవాళ్ళు, ఒడియావాళ్ళు, తెలుగువాళ్ళు, ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలిచేవారు.

నాకూ ఆయన రక్తసంబంధం కాదు. ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో, తాల్‌బగీచా పేటలో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరినాయన. బాబాయ్ మాత్రం ఊరి చివర విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో, పంపులు తయారుచేసే మా ఫ్యాక్టరీలో కంప్యూటర్ల విభాగానికి ఇన్‌చార్జిగా చేశారు. నన్ను ఆ విభాగంలో పనికి రమ్మన్నదీ, పని నేర్పిందీ ఆయనే.

పోయినవాళ్ళందరూ మంచివాళ్ళే అంటారు. ఈయన మంచివారే గాని ఒట్టి చాదస్తం మనిషి. కీబోర్డు మీద పిన్ని పాత చీర ముక్క కప్పందే ఇంటికి కదిలేవారు కాదు. ఎవరైనా కోపంగా ఫిర్యాదు పట్టుకొస్తే ముందు వాళ్ళ చేతిలో గుప్పెడు ముడి, అంటే మన మరమరాలు, ఒక పచ్చిమిరపకాయ పెట్టేవారు. "ముందు ఇది తిను, తరవాత తిట్టు. ఆకలితో వొచ్చినోడి కంప్లయింటులో సగం ఆకలే ఉంతాది" అనేవారు. ఫోనులో ఏదీ తేల్చేవారు కాదు. పంపులు బిగించే షాపులోకి నడిచి వెళ్ళి, మనిషి చేస్తున్న పని కాసేపు చూసి, అప్పుడు వచ్చి కంప్యూటరు ముందు కూర్చునేవారు. నేను విసుక్కుంటే, "ఆడి పని నీకు తెలకపోతే నీ కంప్యూటరు ఆడికెందుకమ్మా?" అనేవారు.

ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గుర్తున్నది వాడుక పేర్లు. స్టోర్స్‌లో ప్రతి సామానుకూ పదకొండు అంకెల కోడు ఉంటుంది. అది ఏ ఫిట్టరు నోటా పలకదు. వాళ్ళ పేర్లు వాళ్ళవి. నీరు కారకుండా అతుకులో పెట్టే వెడల్పాటి పెద్ద గాస్కెట్ "హాతిర్ కాన్", ఏనుగు చెవి. ఎర్ర ఫైబర్ వాషరు "బొట్టుబిళ్ళ". మోటారునీ పంపునీ కలిపే, ఎంత బతిమాలినా సరిగ్గా కూర్చోని రబ్బరు కప్లింగు "కొత్తల్లుడు". బాబాయ్ ఏళ్ళ తరబడి షాపులో తిరిగి, "దీన్ని ఏటంతారు దాదా?" అని అడిగి, ఒక్కో కోడు పక్కన ఈ పేర్లన్నీ ఎక్కించారు. ఒక్కో సామానుకు మూడు భాషల్లో మూడు పేర్లు. చదువురాని మనిషి కూడా కిటికీ దగ్గరికొచ్చి నోటితో అడిగితే, స్టోర్‌కీపరు ఆ మాట కొట్టగానే సరైన అర తెరమీద కనిపించేది.

ఆయన రిటైరయిన ఏడాది కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. వారానికి రెండు రోజులు వచ్చి సలహా చెప్పమని కంపెనీ ఆయనకొక గేటు పాసు ఇచ్చింది. ఆ పాసు మెడలో వేసుకుని కూరల బజారుకు కూడా వెళ్ళేవారని పిన్ని నవ్వేది. పాత వివరాలు కొత్తదానిలోకి మార్చే పని నాది. "ఆ పేర్లు మాత్రం పోనీకమ్మా" అన్నారు బాబాయ్. అలాగేనన్నాను.

కొత్త సిస్టం ఒక సామానుకు ఒకే పేరు ఒప్పుకుంటుంది. మిగతావాటికి వేరే పట్టిక కట్టుకోవాలి. పదిహేను రోజులు కూర్చుంటే అయ్యే పని. నాకు గడువు నాలుగు రోజులే ఉంది. ఆ పేర్లు తీసెయ్యమని ఎవరూ నాతో అనలేదు. "వద్దు" అన్న చోట టిక్కు పెట్టింది నేనే.

కొత్త సిస్టం మొదలైన పదో రోజుకల్లా స్టోర్స్ కిటికీ ముందు జనం. హాతిర్ కాన్ అడిగిన ఫిట్టర్ దాదాకు అలాంటిదే మరొకటి, పల్చటిది, ఇచ్చారు. నాలుగు పంపులు పరీక్షలోనే కారిపోయాయి. లోడు కోసం వచ్చిన లారీ మూడు రోజులు గేటు దగ్గరే నిలబడింది. మీటింగు పెట్టారు. నా కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో ఆ నెలాఖరుకే తేలాలి. కారణం ఏమిటని మేనేజరు అడిగితే, నా నోటమ్మట "పాత డేటాలోనే లోపం ఉంది సార్" అన్న మాట వచ్చింది. అనుకుని అన్నది కాదు. కానీ వెనక్కి తీసుకోలేదు కూడా.

మేనేజరు అక్కడికక్కడే బాబాయ్‌కి ఫోను కలిపి, అందరికీ వినబడేలా పెట్టాడు. విషయం విని ఆయన, "ఆ అమ్మాయి ఉందా అక్కడ?" అని అడిగారు. ఉందన్నారు. "హా సాబ్, గల్తీ మేరా హై" అన్నారు, తప్పు తనదేనని. నేను బల్ల వైపు చూస్తూ కూర్చున్నాను. రిపోర్టులో ఆయన పేరు రాశారు. పాసు రద్దు చేశారు.

తరవాత వారం షిఫ్టు దిగి బయటికొస్తే గేటు ఎదుటి టీ దుకాణం బల్ల మీద బాబాయ్ కనిపించారు. లోపలికి రానివ్వరు కదా, బయటికొచ్చే వాళ్ళనే ఒక్కొక్కర్నీ ఆపి మళ్ళీ పేర్లు అడిగి రాసుకుంటున్నారు. ఇరవై రోజులు అలా కూర్చుని, నిండిన నోటు పుస్తకం నా చేతిలో పెట్టారు. "బాబాయ్, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను. "టైపు సెయ్యమ్మా ముందు. కిటికీ కాడ మనుసులు నిలబడున్నారు" అన్నారు. టైపు చేశాను. మిగతా మాట మాత్రం ఆ తరవాత ఆరేడు నెలల్లో, రోజూ రెండిళ్ళ అవతలే ఉండి కూడా, చెప్పలేకపోయాను. సిగ్గేసింది. పిరికిదాన్ని, అంతే.

ఆయన పోయిన పదకొండో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. పిన్ని ఆయన చొక్కాలు మడతపెడుతోంది. "ఒక మాటడగాలమ్మా. మీ ఆఫీసోళ్ళు ఆయన పాసెందుకు తీసేసినారు? ఎన్నిసార్లడిగినా సెప్పనేదు" అంది.

"నా వల్ల పిన్నీ" అన్నాను. అంతా చెప్పాను.

తిట్టలేదు. చేతిలో చొక్కా మడత మధ్యలో ఆగిపోయింది. "ఆయనకి సెప్పినావా?"

"లేదు."

"మరింక నాకెందుకు సెప్తావు? ఎల్లి ఆ ఆఫీసోళ్ళకి సెప్పు" అంది. మళ్ళీ మడత పెట్టుకోవడంలో పడింది.

మర్నాడు మేనేజరుకు చెప్పాను. ఆయన నిట్టూర్చి, "ఠీక్ హై, రాసుకో" అన్నాడు. నా సీటుకొచ్చి ఆ రిపోర్టు తెరిచాను. ఒకసారి మూసిన రిపోర్టును మళ్ళీ ఎవ్వరూ దిద్దకూడదన్నది బాబాయ్ పెట్టిన నియమం. ఎవరి తప్పూ ఎవరూ చెరిపెయ్యకూడదని పెట్టారు. పాతవన్నీ పారేసుకున్నాం గాని ఆ నియమాన్ని మాత్రం కొత్త సిస్టంలోకి జాగ్రత్తగా తెచ్చుకున్నాం. తెచ్చింది నేనే.

కింద కొత్త రిపోర్టు ఒకటి తెరిచి నా పేరు రాశాను. అయినా వెతికిన ప్రతివాడికీ ముందు వచ్చేది పాతదే. "బాధ్యులు" అన్న గడిలో ఆయన పేరు, బూడిద రంగులో. దాని మీద నొక్కాను. తెరుచుకోలేదు. తెరుచుకోదని తెలిసి కూడా, షిఫ్టు సైరను మోగేదాకా నొక్కుతూనే ఉన్నాను.