చేత్తో జోకి కొన్న పవర్ సప్లై

మొన్న కంప్యూటరుకు కొత్త పవర్ సప్లై కొరియర్‌లో వస్తే, పెట్టె మీది వాట్లు చూడకుండా అరచేతిలో ఆడించి బరువు చూశాను. తెచ్చినతను నన్ను పుచ్చకాయల బేరగాణ్ణి చూసినట్టు చూశాడు. ఆ అలవాటు మా నాయనది.

చాలా ఏళ్ల కిందట, డిగ్రీ అయ్యాక మానవపాడులో ఇంట్లోనే ఉండి, గద్వాలలోని ఒక స్టూడియోకు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి ఇచ్చే పని దొరికింది. శనివారానికి మొదటి పెళ్లి చేతికివ్వాలి, లేకుంటే పని ఇంకొకరికి పోతుంది. నేనే విడిభాగాలు తెచ్చి బిగించుకున్న కంప్యూటరేమో, సరిగ్గా తాళి దాకా వచ్చి టప్పున ఆరిపోయేది. ఆ పెళ్లికొడుకు మా ఇంట్లో వారమంతా బ్రహ్మచారిగానే ఉన్నాడు. కొత్త గ్రాఫిక్స్ కార్డుకు పాత పవర్ సప్లై చాలడం లేదని అర్థమైంది గానీ, ఎలాంటిది కొనాలో తెలియక ఏడుపొక్కటే తక్కువ. బోరు మోటర్లు కొనీ కొనీ ఆరితేరిన నాయన నాతో గద్వాలకు బయలుదేరాడు.

దుకాణంలో రెండు చూపించారు, రెంటి మీదా ఒకే వాట్లు. నాయన చేతికొకటి పట్టుకొని తూచడం మొదలుపెట్టాడు.

"కాకా, మక్కలు జోకుతున్నవా ఏంది?" అన్నాడు దుకాణదారు.

"నవ్వకు తమ్మీ. మోటరైనా గిదైనా, లోపల రాగి ఉంటెనే బరువుంటది."

బరువైనదే తెచ్చాం. అదీ తాళి దగ్గరే ఆరిపోయింది. నాయన స్టార్టర్ డబ్బా విప్పినంత ధీమాగా వైర్లు పీకి, మరలు విప్పాడు. లోపల రాగి పిసరంత. బరువంతా అడుగున బిగించిన ఒక ఇనుప పలకది.

కార్డు తీసేసి నడిపిస్తే వీడియో నత్తలా కదిలింది, శనివారం మాత్రం ఆగలేదు. స్టూడియో నుంచి ఫోన్ వచ్చింది: "పరేషాన్ గాకు తమ్మీ, వేరేటాయనకు ఇచ్చినం." అంత మర్యాదగా నన్నెవరూ పనిలోంచి తీసేయలేదు; అసలు అంతకు ముందెవరూ పెట్టుకోలేదనుకోండి.

వాపసు ఇద్దామని మళ్లీ ఇద్దరం పోతే, విప్పినదాన్ని వెనక్కి తీసుకునేది లేదన్నారు. తిరుగు బస్సులో నాయన ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకొని, "నీ పని నేనే పోగొట్టిన బిడ్డా" అన్నాడు. నేను ఆ పెట్టెను తీసి నా ఒళ్లో పెట్టుకున్నాను.

ఇప్పుడు భాగాల పేర్లు కొడితే ఎన్ని వాట్లు కావాలో ఫోనే చెబుతుంది, నచ్చకపోతే గడప దగ్గరికే వచ్చి వాపసు తీసుకుపోతారు. నాయనను అడగాల్సిన అవసరం ఏ మూలా మిగల్లేదు. ఆయన కూడా ఆ బస్సు దిగాక మళ్లీ నా వెంట ఏ దుకాణానికీ రాలేదు.