కాగితం అంచు అవతల

మా అమ్మాయి తెనాలిలో అపార్ట్‌మెంటు కొనాలని చూస్తోంది. మొన్న ఆ కంపెనీ నుంచి టై కట్టుకున్న అబ్బాయి ఒకతను వచ్చి, నున్నటి రంగుల కాగితం ఒకటి మా టీపాయ్ మీద పరిచాడు. పైకప్పుని మూతలాగా ఎత్తేసి, లోపలి గదులూ మంచాలూ వంటింటి గట్టూ అన్నీ ఒక మూల నుంచి చూస్తున్నట్టు వేసిన బొమ్మ. రైల్వే స్టేషను ఎటువైపండీ అని అడిగాను. అతను కాగితం అంచు దాటించి టీపాయ్ చెక్క మీద వేలు పెట్టి, ఇక్కడే అంకుల్ అన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చి, స్కేలెంత అని గద్దించాను. స్కేలంటే ఏంటన్నట్టు అతను నా మొహం చూశాడు. పాపం ఆ పిల్లాడి మీద అలా విరుచుకుపడ్డారేంటని మా ఆవిడ తరవాత నన్ను చెడామడా దులిపేసింది. ఆ కోపం అతని మీద కాదని ఆవిడకి చెప్పలేదు, మీకు చెబుతాను.

అరవైల్లో మనలో చాలామంది రాసిన డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు మీకు గుర్తుండే ఉంటాయి. నేను బాపట్లలో మా పెదనాన్నగారింట్లో ఉండి వాటికి చదివాను. మా డ్రాయింగు మాస్టారు ముక్కోపి, చెయ్యి మాత్రం బంగారం. ప్లానూ ఎలివేషనూ చదునుగా ఉంటాయిరా, నేర్చుకున్నవాడికి తప్ప అర్థం కావు, అదే ఐసోమెట్రిక్ అయితే ఎవడికైనా వస్తువు కళ్ళకి కడుతుంది అనేవారు. ముప్పై డిగ్రీల సెట్ స్క్వేరు ఆనించి గీతలు లాగుతూ, మామూలు బొమ్మలో దూరంగా ఉన్నది చిన్నదైపోతుంది, ఇందులో ముందు గోడకీ వెనక గోడకీ ఒకటే కొలత, ఈ బొమ్మలో దూరమనేదే ఉండదురా అని మురిసిపోయేవారు. నేనూ మురిసిపోయాను. మా పెద్దమ్మ పోపుల పెట్టెని మూత తీసినట్టు గీసి చూపిస్తే, చదువు రాని ఆవిడ ఇది జీలకర్ర గడి, ఇది మెంతుల గడి అని వేలు పెట్టి చెప్పేసింది. ఆ రోజు నాకు భోజనం కూడా సహించలేదు, అంత గర్వం.

డెబ్బైల్లో రేపల్లెలో ఒక సర్కారు ఆఫీసులో ప్లాన్లకి నకళ్ళు గీసే ట్రేసరుగా చేరాను. రోజూ తెనాలి నుంచి పాసింజరు బండి, కొత్తగా పెళ్ళి, ఆరు నెలలకోసారి ఉంటుందో ఊడుతుందో తెలియని టెంపరరీ ఉద్యోగం. అలాంటి రోజుల్లో వచ్చిన ఒక గాలివానకి సముద్రపొడ్డున ఒక పల్లెలో గుడిసెలన్నీ కొట్టుకుపోయాయి. ఆ చేపలవాళ్ళకి లోపలగా మురుగుకాలవ పక్కన పక్కా ఇళ్ళు కట్టించమని పైనుంచి ఆర్డరు వచ్చింది. బదులుగా ఒడ్డున స్థలం వదులుకుంటున్నామని వాళ్ళు వేలిముద్రలు వెయ్యాలి. కొత్త స్థలం వాళ్ళకి చూపించలేదు, కాలవ పక్కన అన్నారంతే, ఆ కాలవ చూస్తే సముద్రం దగ్గర్నుంచి మైళ్ళ పొడుగునా ఉంది. మా ఇంజనీరుగారు నీలం కాగితం ప్లాను పట్టుకెళ్ళి రెండుసార్లు మీటింగు పెట్టారు. వాళ్ళు దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, ఇదేదో ముగ్గులా ఉందండీ, ఇందులో మేమెక్కడ పడుకుంటాం అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారట.

అప్పుడు ఇంజనీరుగారు నన్ను పిలిచి, నువ్వేదో మూత తీసిన బొమ్మలు గీస్తావటగా, గియ్యి, వేలిముద్రలు పడితే నిన్ను పర్మనెంటు చేయించే పూచీ నాది అన్నారు. పది రోజులు గీశాను. అంగుళానికి పదహారు అడుగుల స్కేలులో వరస వెనక వరస ఇళ్ళు, ముందు వరసలో ఒక ఇంటికి కప్పు ఎత్తేసి లోపల పొయ్యి, ఉట్టి, నులకమంచం, గోడకి వేలాడే వల. ఆ వల చూసి ఆయన నా భుజం తట్టారు. సముద్రం కూడా వెయ్యమంటారా అని అడిగితే, రెండు మైళ్ళ అవతల ఉన్నది నీ కాగితంలో ఎలా పడుతుందయ్యా అన్నారు. నిజమే, పట్టదు. పట్టనందుకు నాకు లోలోపల హాయిగానే అనిపించింది, దాచడమెందుకు.

మూడో మీటింగుకి నన్నూ జీపెక్కించుకుపోయారు. బొమ్మ పరవగానే ఆడవాళ్ళు ఎగబడ్డారు, ఇదిగో నా పొయ్యి అని ఒకామె, ఉట్టి కూడా పెట్టాడే అని ఇంకొకామె. వాళ్ళలో అందరూ మాట వినే ముసలావిడ ఒకామె గంప పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"ఇల్లు బాగుంది బాబూ, సముద్రమేదండి ఇందులో?"

ఇంజనీరుగారు నా వైపు చూశారు. నేను కాగితం అంచు దాటించి ఇసకలో వేలు పెట్టి, ఇక్కడేనమ్మా అన్నాను. ఆవిడ నా వేలునీ నా మొహాన్నీ చూసి, నమ్మి, మొదటి వేలిముద్ర వేసింది. ఆవిడ వేశాక అందరూ వేశారు.

ఇళ్ళు అచ్చం బొమ్మలో ఉన్నట్టే లేచాయి. వల తగిలించుకోవడానికి గోడకి కొక్కెం కూడా పెట్టించాను. కానీ ఒడ్డున పడవలకి కాపలా లేదు, వల మోసుకుని రెండు మైళ్ళు నడిచేసరికి వేటకి వేళ తప్పిపోయేది, చేపలు ఎండబెట్టుకోవడానికి ఇసక లేదు. వెనక్కి పోదామంటే పాత స్థలం చుట్టూ కంచె పడింది. ఏడాది తిరిగేసరికి సగంమంది పడవలమ్ముకుని చుండూరు వైపు కోతలకి కూలి వెళ్ళారు. పుట్టి బుద్ధెరిగాక కొడవలి పట్టనివాళ్ళు. నా ఉద్యోగం పర్మనెంటయింది, ఆఫీసులో మిఠాయి పంచాను.

ఒక మధ్యాహ్నం ఆ ముసలావిడే ఆఫీసుకి వచ్చింది. ఆ రోజు మేం ఇచ్చిన బొమ్మ ప్రింటు, మడతల దగ్గర చిరిగినదాన్ని, చెంగులోంచి తీసి నా బల్ల మీద పెట్టి, సముద్రం కూడా గియ్యి బాబూ, ఎంత దూరంలో గీస్తావో చూస్తాను అంది. నేను లెక్క కట్టాను. రెండు మైళ్ళంటే పదివేల అయిదువందల అరవై అడుగులు, ఆ స్కేలులో ఆరువందల అరవై అంగుళాలు, అంటే యాభై అయిదు అడుగులు. నా బల్ల దాటి, వరండా దాటి, గేటు బయట టీకొట్టు దగ్గర పడుతుందమ్మా అని కిటికీలోంచి చూపించాను. ఆవిడ అటే చూస్తూ నిలబడింది.

"ఈ లెక్క ఆ రోజు చెప్పలేదేంటి బాబూ?"

తిట్టినా బాగుండేది. బొమ్మ మడిచి చెంగున దోపుకుని వెళ్ళిపోయింది. టీకొట్టు దాకా నడిచి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగి నా కిటికీ వైపు ఒకసారి చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మర్నాడు పాసింజరు అందుకుని మళ్ళీ ఆ బల్ల దగ్గరికే వెళ్ళాను, రిటైరయిన రోజున శాలువా కప్పించుకునే దాకా వెళుతూనే ఉన్నాను.

ఇప్పుడు పెన్సిలు చెక్కేపని లేదు, ఇంకు ఆరేదాకా ఊపిరి బిగబట్టేపని లేదు, కంప్యూటరు ఇంటిని గుండ్రంగా తిప్పి తిప్పి చూపిస్తోంది. నాకైతే, వాళ్ళకి ముగ్గులా కనిపించిన ఆ చదును కాగితమే నయమనిపిస్తుంది. అర్థం కానిదానికి వాళ్ళు వేలిముద్ర వెయ్యలేదు కదా. ఆ అబ్బాయి ఆదివారం సంతకాలకి మళ్ళీ వస్తాడట. మా అమ్మాయి ఆ బొమ్మలో తన వంటింటి గట్టు అప్పుడే చూసేసుకుంది. నాన్నా, ఇన్నేళ్ళు నువ్వు చేసింది ఈ పనే కదా, దీన్ని నమ్మచ్చా అని అడిగింది. నేను నా పాత స్కేలుబద్ద వెతికి తెచ్చి, కాగితం అంచు అవతల అతను వేలు పెట్టిన చోట ఆనించాను.