ఆదివారం పొద్దున నేను దొరకను

మా కాలేజీ యజమానికి కాలేజీ కంటే ముందు రైస్ మిల్లు ఉండేది. అందుకే ఆయన కంటికి పిల్లలు కూడా సన్నాలు, దొడ్డు రకం, నూకలు అని మూడు వరుసల్లో కనిపిస్తారు. సన్నాలను ర్యాంకు బ్యాచ్ అంటాడు. ఆ బ్యాచ్‌కు కెమిస్ట్రీ చెప్పేది నేను.

నిరుడు జూన్‌లో అడ్మిషన్ల కోసం లెక్చరర్లందరికీ ఫోటోలు తీయించాడు. నాకు ఎవరిదో నల్లకోటు తొడిగి, చేతులు కట్టుకొని నిలబడమన్నారు. వారం తిరక్కముందే సిద్దిపేట బస్టాండు ఎదురుగా నేను రెండంతస్తుల ఎత్తున వెలిశాను. ఫ్లెక్సీ షాపు వాళ్లు నా చామనఛాయను కడిగేసి పాలరాయి రంగు పూశారు. కింద 'కెమిస్ట్రీ కెరటం' అని రాశారు. మా ల్యాబులో నల్లాకు నీళ్లు రావు, కెరటం మాత్రం వచ్చింది. అందరికీ సిగ్గుగా ఉందనే చెప్పాను గానీ, కూరగాయలకు వెళ్లేటప్పుడు దగ్గరి సందు వదిలేసి బస్టాండు మీదుగా తిరిగి వెళ్లేదాన్ని.

జనవరిలో ఒక మధ్యాహ్నం యజమాని నన్ను తన గదికి పిలిచి చాయ్ తెప్పించాడు.

"మేడం, మిమ్మల్ని డీన్ చేద్దామనుకుంటున్న. మీకు సపరేట్ రూం, ఏసీ. ఒక్కటే, ఆదివారం పొద్దుగాలకెళ్లి మధ్యాహ్నం దాక ర్యాంకు బ్యాచ్ మీరే చూసుకోవాలె."

"ఆదివారం పొద్దున నేను దొరకను సార్. ప్రార్థనకు పోత."

కొండపాక దాటాక మా అమ్మ వాళ్ల ఊళ్లో రేకుల కప్పు వేసిన చిన్న ప్రార్థన మందిరం ఉంది. అమ్మ నాట్లు వేసి, కలుపు తీసి నన్ను చదివించింది. ఆమె పక్కన చాప మీద కూర్చునే నేను ప్రార్థించడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఆదివారం అక్కడి పిల్లలకు పాటలు నేర్పుతాను. వారమంతా మనుషులను మార్కులతో కొలిచే చోట ఉండి, ఒక్క పూట కొలత లేని చోట కూర్చుంటాను. ఆ పూట పోతే నేను ఎవరి మనిషినో నాకే గుర్తుండదు. ఇదంతా ఆయనకు చెప్పడం నా వల్ల కాలేదు.

"మీ దేవుడు శనివారం వినడా మేడం?"

"వింటడు సార్. మా వాళ్లందరు ఆదివారమే కలుస్తరు."

"అయితే మీ మందిరాన్నే మన హాస్టల్ హాల్‌కు మారుద్దాం. మైకు, కుర్చీలు మనయే. పిల్లలకు మోటివేషన్ గూడ అయితది."

వద్దన్నాను. ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"నిజం చెప్పుండ్రి. ఏ కాలేజోళ్లు పిలుస్తున్నరు?"

"ఎవరు పిలుస్తలేరు సార్."

"మరి ఆదివారం ఎవరి దగ్గరికి పోతుండ్రు?"

"దేవుని దగ్గరికి."

ఆయన వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "ఎంత ఇస్తనన్నడు?" అన్నాడు. నవ్వులాటకు కాదు, నిజంగానే అడిగాడు. మార్కెట్లోకి కొత్తగా దిగిన పోటీ చైర్మన్ గురించి ఆరా తీసినట్టే ఉంది.

డీన్ పదవి మ్యాథ్స్ సార్‌కు వెళ్లింది. ఆయన స్టాఫ్ రూంలో అందరికీ జిలేబీ పంచి, నాకు ఒకటి ఎక్కువ పెట్టి, "మీ దేవుడు చాన మంచోడు మేడం" అన్నాడు. బస్టాండు ఎదురుగా నా జాగలోకి ఆయన వచ్చాడు, అదే కోటుతో. నాకేం బాధ లేదని నాకు నేనే చెప్పుకున్నాను. కూరగాయలకు మాత్రం దగ్గరి సందులోంచే వెళ్లడం మొదలుపెట్టాను.

ఆ ఆదివారం బస్సు కొమురవెల్లి మల్లన్న దర్శనానికి పోయేవాళ్లతో కిక్కిరిసి ఉంది. నుదుటి నిండా పసుపు బండారు పూసుకున్న ఒక పెద్దావిడ పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.

"యాడికి బిడ్డా?"

"ప్రార్థనకు అవ్వా."

"ఇగ అందరం గా పని మీదనే పోతున్నం. జర సర్దుకొని కూసో."

మందిరంలో మాటల మధ్య డీన్ సంగతి పాస్టరుగారికి చెప్పాను. ఆయన మంచి మనిషి. ఒకప్పుడు పాత స్కూటరు మీద వచ్చి, ఎవరింట్లో జ్వరముంటే ఆ ఇంట్లో కూర్చునేవాడు. ఫోన్లో ప్రసంగాలు లైవ్ పెట్టడం మొదలయ్యాక, కళ్లు మూసుకొని ప్రార్థిస్తూనే ఒక కంటితో ఎంతమంది చూస్తున్నారో తెలుసుకునే విద్య ఆయనకు అబ్బింది.

"అమ్మా, గిది మామూలు సాక్ష్యం కాదు. వీడియో చేద్దాం. 'డీన్ పదవిని కాలితో తన్నిన సోదరి' అని పైన పెద్దగ రాయిద్దాం. నువ్వు జర కండ్లల్ల నీళ్లు పెట్టుకోవాలె."

"కాలితో తన్నలేదు అయ్యగారూ. వద్దని చెప్పి, చాయ్ తాగి వచ్చిన."

"చాయ్ సంగతి తీసేద్దాం."

నాకు వీడియో వద్దని చెప్పాను. అంతటితో అయిపోయిందనుకున్నాను. తర్వాతి ఆదివారం మా ఊరి స్టేజీ దగ్గర బస్సు దిగేసరికి, అక్కడ నేను అప్పటికే నిలబడి ఉన్నాను. అదే నల్లకోటు, అవే కట్టుకున్న చేతులు, అదే పాలరాయి రంగు. కాలేజీకీ మందిరానికీ ఫ్లెక్సీ షాపు ఒకటే కాబట్టి, నా ఫోటో కోసం ఎవరూ కష్టపడాల్సిన పని లేకపోయింది. పక్కన మైకు పట్టుకొని పాస్టరుగారు నాకంటే ఒకటిన్నర రెట్లు పెద్దగా ఉన్నాడు. 'దేవుని కొరకు సర్వం త్యజించిన సోదరి సాక్ష్యం, ఉజ్జీవ సభలకు రండి' అని పిలుపు. నా ఉద్యోగం, నా జీతం ఉన్నచోటే ఉన్నాయి. సర్వం అంటే ఏసీ అన్నమాట.

కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు, ఫోటో బాగా వచ్చిందని ఒక్క క్షణం అనిపించింది. నన్ను భయపెట్టింది ఆ క్షణమే. వద్దనుకున్న గొప్ప, వద్దన్నందుకే ఇంకో తలుపులోంచి ఇంట్లోకి వస్తోంది.

ఆరాధన అయ్యాక పాస్టరుగారి దగ్గరకు వెళ్లాను.

"అయ్యగారూ, అది తీసేయించుండ్రి."

"అట్లనకమ్మా. అది నీ కోసం కాదు, దేవుని మహిమ కోసం."

"అండ్ల దేవుడు యాడున్నడు? మీరున్నరు, నేనున్న."

"దేవుని ఫోటో మనం వేయద్దు కదమ్మా" అన్నాడాయన, ఎంతో భక్తిగా.

చాపలు చుడుతున్న అమ్మ ఇదంతా విన్నది. చాపలు అక్కడే వదిలి ఇంటికి వెళ్లి, కొడవలి తీసుకొని స్టేజీ వైపు నడిచింది. వెనకాల నేను, నా వెనకాల పాస్టరుగారు.

"అమ్మా, ఆగు! సభలకు జనం రావాలె గద!"

"నా బిడ్డ దేవునికి చెప్పింది, వాళ్ల సార్‌కు చెప్పింది. ఇగ బస్సుల పోయేటోళ్లకు చెప్పుడెందుకు అయ్యగారు?" అంటూ అమ్మ తాళ్లు కోసేసింది. ఫ్లెక్సీని చుట్టి నెత్తిన పెట్టుకొని ఇంటికి తెచ్చి, వాకిట్లో తిరగేసి పరిచి, మీద కందులు ఆరబోసింది. పాస్టరుగారూ నేనూ కందుల కింద బోర్లా పడుకున్నాం.

అయినా అప్పటికే చూసినవాళ్లు చూశారు. సోమవారం మ్యాథ్స్ సార్ నా చెయ్యి పట్టుకొని ఊపినంత పని చేశాడు. "డీన్ పోస్టు కంటె గిదే పెద్ద పబ్లిసిటీ మేడం. మంచి ప్లానేసిండ్రు." యజమాని బాధ వేరు. "మన ఫోటో మీద మన లోగో తీసేసిండ్రు మేడం. గది మంచిగ లేదు."

సభలు నా సాక్ష్యం లేకుండానే జరిగాయి. కొన్ని వారాలు పాస్టరుగారు రేకుల కప్పును చూస్తూ నాకు వందనాలు చెప్పేవాడు. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్ నడుస్తుండగా అమ్మకు జ్వరం వచ్చింది. నాకు సెలవు దొరకలేదు. పాస్టరుగారు స్కూటరు మీద వెళ్లి, ఫోను స్కూటరు డిక్కీలోనే పెట్టేసి, అమ్మ గంజి తాగేదాకా పక్కన కూర్చున్నాడట. తెలిసిన వెంటనే ఆయనకు ఫోన్ చేశాను. వందనాలయ్యాక ఆయన, "ఆ ఫ్లెక్సీ ఏం చేసింది మీ అమ్మ?" అని అడిగాడు.

"కందులు ఆరబోసింది అయ్యగారూ."

"పోనీ, పనికొచ్చింది" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఒక శనివారం కాలేజీ గేటు దగ్గర యజమాని నన్ను ఆపి, అటూ ఇటూ చూశాడు.

"రేపు పోతుండ్రు గద మేడం?"

"పోతున్న సార్."

"జర మన ర్యాంకు బ్యాచ్ గురించి గూడ చెప్పుండ్రి. స్టేట్ ఫస్ట్ అన్నా రావాలె. డీన్‌కు మాత్రం చెప్పకుండ్రి, ఫీలయితడు."

చెప్తానన్నాను. మరునాడు అమ్మ పక్కన మోకరించి ఆ పిల్లలను ఒక్కొక్కరిగా తలచుకున్నాను. ర్యాంకు అనే మాట నోటికి రాలేదు. హాస్టల్లో వాళ్లకు కడుపు నిండా అన్నం దొరకాలని, కంటి నిండా నిద్ర పట్టాలని, మార్కులు తగ్గితే ఇంటికి ఫోన్ చేయడానికి భయపడొద్దని అడిగాను. మ్యాథ్స్ సార్‌కు ఒక్క ఆదివారమైనా పెళ్లాంబిడ్డలతో గడిపే వీలు ఇమ్మని కూడా అడిగాను.

నేను కళ్లు తెరిచేసరికి అమ్మ నన్నే చూస్తోంది.

"ఎవరి గురించి బిడ్డా, గింతసేపు?"

"మా సార్ చెప్పిండు, కాలేజీ పిల్లల గురించి."

"పాస్ కావాల్ననా?"

"మంచిగ నిద్ర పట్టాలని."

"ఆమేన్" అంది అమ్మ. చెయ్యి ఆసరా ఇమ్మని చాచి, మెల్లగా పైకి లేచింది.