పాజ్‌లో ఉన్న ఆట

“టీవీ ముట్టకు నాయనమ్మా, అన్న ఆట పోతది!” అంటూ అడ్డంగా నిలబడ్డాను.

“జరుగు పిల్లా, నా సీరియల్ టైమైంది. బొమ్మ కదుల్తనే లేదు గదా!”

అన్న వీడియో గేమ్‌ని చివరి స్టేజీలో పాజ్ చేసి, నన్ను కాపలా పెట్టి ట్యూషన్‌కి వెళ్లాడు. ఇప్పటి గేములు వాటంతటవే సేవ్ అవుతాయి. నా చిన్నప్పటివి ఆపితే మళ్లీ మొదటి నుంచే.

నాయనమ్మ అలిగి వెళ్లిపోయింది. గేమ్ అడాప్టర్ ముట్టుకుంటే కాలుతోంది. ఇన్నేళ్ల తర్వాత, నిన్న దిల్‌సుఖ్‌నగర్ షాపులో కొత్త కన్సోల్‌ది తగిలితే, చేతికి అదే వేడి. ఆ రోజు మాత్రం పేలుతుందేమోనని ప్లగ్గు పీకేశాను. ఆట టీవీలోనే ఉంటుందనుకున్నాను మరి! తెర నల్లబడింది.

అన్న వచ్చి చూశాడు. తిట్టలేదు. “నెల రోజులకి ఇయాల్నే ఆఖరి స్టేజీదాంక పోయిన గదనే,” అన్నాడంతే.

ఆ మర్నాడు చీకటితోనే లేచి, మూడో స్టేజీ దాకా ఆడి, పాజ్ చేసి, అన్నను లేపాను.