కూర ఒలిచే వేళ

పోయిన నెలలో ఒకరోజు, పొగమంచు ఇంకా విడకముందే నోయిడా నుంచి ఫోన్ వచ్చింది. "ఆంటీ, అమ్మ నిద్రలోనే పోయింది" అని అక్క కూతురు చెప్పింది.

ఆమె నాకు తోడబుట్టిన అక్క కాదు. ఢిల్లీ కంటోన్మెంటులో మా పక్క క్వార్టరులో ఉండిన సుబేదారుగారి భార్య. వాళ్ళది శ్రీకాకుళం వైపు, మాది కడప. సొంత ఊళ్ళలోనే ఉండిపోయుంటే ఒకరికొకరం తెలిసేవాళ్ళమే కాదు.

మేము ఆ క్వార్టరులో దిగిన కొద్దిరోజులకే మా ఆయనకు కుటుంబాన్ని వెంట తీసుకువెళ్ళే వీల్లేని సరిహద్దు చోటికి పోస్టింగ్ వచ్చింది. అబ్బాయి ఏడో తరగతి, అమ్మాయి ఇంకా చిన్నది. వాడు టీవీ ముందు తినేవాడు, అది మంచం మీద తినేది, నేను పొయ్యి దగ్గర నిలబడి రెండు ముద్దలు మింగేదాన్ని. ఇంట్లో పోట్లాటలు కూడా లేవు. పోట్లాడాలన్నా ముందు ఒకచోట చేరాలి కదా.

ఒక సాయంత్రం పెరుగు తోడుకోసం వచ్చిన అక్క ఇదంతా చూసింది. తోడు తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు అదే వేళకు సంచీ నిండా పచ్చి బఠానీ కాయలతో వచ్చి, టీవీ కట్టేసి, ముందుగదిలో చాప పరిచింది.

"అందరూ ఒకపాలి ఇలాగొచ్చి కూకోండి. రేపటి కూర ఇయ్యాలే ఒలిసేద్దాం."

అమ్మాయి గెంతుకుంటూ వచ్చింది. అబ్బాయి గుమ్మంలోనే నిలబడి, "హోంవర్క్ హై, ఆంటీ" అన్నాడు.

"ఠీక్ హై బాబూ. అక్కడే కూకో" అని వాడి పక్కన కూడా నాలుగు కాయలు పెట్టింది.

ఆ రోజునుంచి అది మా ఇంటి వేళ అయిపోయింది. చలికాలం బఠానీలు, పాలకూర. ఎండలు ముదిరితే గోరుచిక్కుడు. కూర ఏదైనా అక్క పెట్టిన నియమం ఒకటే: ఆ చాప మీద మార్కుల సంగతి ఎత్తకూడదు, ఎవరినీ తిట్టకూడదు. "సేతికి పనుంటే నోటికి బయం పోతాది" అనేది.

అబ్బాయి గుమ్మం దగ్గర్నుంచి చాప అంచుకు, అక్కడినుంచి మధ్యకు ఎప్పుడు జరిగాడో నేను గమనించలేదు. ఒకరోజు తల ఎత్తకుండానే, స్కూల్లో టిఫిన్ ఒక్కడినే తింటానన్నాడు. ఎందుకని అక్క అడిగింది.

"దోస్తీ చేసుకుంటే ఏం లాభం ఆంటీ? ఫిర్ ట్రాన్స్‌ఫర్ హో జాయేగా. మళ్ళీ ఇంకో ఊరే కదా."

నేనేదో చెప్పబోయాను. అక్క నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. ఇంకో కాయ ఒలుస్తూ అంది: "నిజమే బాబూ. నానెన్ని ఇళ్ళు మారానో. పాత కర్టెన్లు ఒక్క ఇంటికీ సరిపోలేదు. అలాగని కిటికీలకు ఏటీ కట్టకుండా ఉన్నానా?"

వాడు నవ్వాడు. ఆ నెలలోనే ఒక సర్దార్ల పిల్లవాణ్ణి ఇంటికి తీసుకొచ్చాడు.

మా ఆయన కూడా ఆ వేళకే ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. చాప మధ్యలో ఫోన్ పెట్టి అందరం ఒకేసారి మాట్లాడేవాళ్ళం. అలాంటిది ఆ చలికాలంలో మంచు విపరీతంగా కురిసి అటువైపు లైన్లు తెగిపోయాయి. రోజులు గడుస్తున్నా ఫోన్ రాలేదు. యూనిట్ ఆఫీసులో అడిగితే, కబురు రాగానే చెబుతామన్నారు. నాకు వంట చేయబుద్ధి కాలేదు. సాయంత్రం దీపం కూడా వెయ్యకుండా కూర్చుంటే, అక్క తలుపు తోసుకుని వచ్చి స్విచ్ నొక్కింది.

"ఈరోజు వద్దక్కా" అన్నాను.

"ఈరోజే కావాల. వేళ తప్పించకు సెల్లీ. తప్పిస్తే ఆ ఖాళీలో బయం వొచ్చి కూకుంటాది. పిల్లలు నీ మొకమే సూస్తన్నారు."

పిల్లలిద్దరూ ఆమె వెనకే నిలబడి ఉన్నారు. నేను లేచి చాప పరిచాను. ఫోన్ వచ్చేదాకా రోజూ ఆమె మా ఇంట్లోనే ఆ వేళ గడిపింది. చివరికి ఒక సాయంత్రం ఆయన గొంతు వినబడింది. అమ్మాయి ఫోన్ దగ్గరకు వంగి, "నాన్నా, ఇవాళ ముల్లంగి" అంది.

సుబేదారు బావగారు రిటైరయ్యాక వాళ్ళు నోయిడాలో ఫ్లాట్ కొనుక్కున్నారు. మేము మరికొన్ని ఊళ్ళు తిరిగి మళ్ళీ ఢిల్లీ చేరాం. ఎక్కడికి వెళ్ళినా సామాను విప్పకముందే ఆ వేళ మాత్రం మా ఇంట్లో కుదురుకునేది. ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, ఆదివారాలు వచ్చినప్పుడు తన కష్టం సుఖం ఇప్పటికీ ఏ చిక్కుడుకాయో తుంచుతూనే చెబుతాడు.

కర్మకాండలు ముగిసిన సాయంత్రం వాడే మమ్మల్ని నోయిడా తీసుకువెళ్ళాడు. అక్క కూతురు హాల్లో దుప్పటి పరిచి మెంతికూర కట్టలు విప్పింది. ఎవరూ పిలవకుండానే ఒక్కొక్కరం చేరాం. ఇన్నేళ్ళూ అక్క కూర ముందేసుకుని కూర్చునే ఆ వేళకు బావగారు పేపరు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయేవారట. ఆ రోజు ఆయన గోడ పట్టుకుని మెల్లగా వచ్చి, మనవరాలి పక్కన కూర్చున్నారు. ఆకు ఎక్కడ తుంచాలో తెలియక కాడలతో సహా లాగేస్తున్నారు.

"ఐసే నహీ, తాతా" అని ఆ పిల్ల ఆయన వేలు పట్టుకుని, ఆకు మొదట్లో ఆనించి చూపించింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఇంకొక కాడ తీసుకున్నారు.