తలుపు వెనక ఎజెండా

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల మునిసిపాలిటీల్లో మాది ఒకటి. దాని పేరు చెప్పను, ఆ ఆఫీసుతో నాకింకా పనులున్నాయి. సాగర్ రోడ్డు పక్కన మా అత్తా, మరికొందరు ఆడవాళ్ళూ చెరువు చేపలు అమ్మే జాగా ఉంది. మా ఆయన చదువూ, మా ఇంటి గోడలూ అక్కడి సంపాదనే. నేను ప్రైవేటు బడిలో టీచర్ని. ఆదివారాలు అత్త పక్కన కూర్చుని చేపలు కోసిస్తాను.

అలాంటి ఒక ఆదివారం మా వార్డు కౌన్సిలర్ కొర్రమట్ట చేపలకు వచ్చాడు. సంచి అందుకుంటూ నోరు జారాడు.

"చిన్నమ్మా, ఇంకేడనన్న జాగ చూసుకోన్రి. గీ మీటింగ్‌ల గిది కాంప్లెక్స్ కట్టేటోళ్లకు లీజుకు పోతది."

అత్త చేతిలో కత్తి ఆగిపోయింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

తెల్లారి బడికి సెలవు పెట్టి ఆఫీసుకు పోయాను. ఎజెండా ఎక్కడుందని అడిగితే మేనేజర్ తలెత్తకుండానే, "నోటీసు బోర్డు మీద పెట్టినం గద" అన్నాడు. బోర్డు కోసం అంతా వెతికాను. ఎక్కడుందనుకున్నారు? గుమ్మం తలుపు వెనక గోడకు! ఆఫీసు తెరిస్తే తలుపు వచ్చి బోర్డును మూసేస్తుంది. ఆఫీసు మూసేస్తే మనం బయటుంటాం. తలుపు లాగి చూశాను. చివరి అంశం మాదే: 'రోడ్డు పక్కన ఖాళీ స్థలం లీజు.' ఖాళీ అట! పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనుషులు కూర్చునే చోటు వీళ్ళకు ఖాళీగా కనిపించింది.

"వెబ్‌సైట్‌ల ఎందుకు పెట్టలే సార్?"

"ఎజెండా మెంబర్లకమ్మా. పబ్లిక్‌కు ఏం పని?"

అక్కడే ఫోన్‌లో వెబ్‌సైట్ తెరిచాను. సార్లు మొక్కలు నాటుతున్న ఫొటోలు బోలెడు. మీటింగుల పేజీ నొక్కితే తెల్లగా ఉంది. సమాచార హక్కు చట్టంలో నాలుగో సెక్షన్ నేను ముందే చదువుకుని వచ్చాను. జనం మీద పడే నిర్ణయం ఏదైనా ఉంటే, దాని సంగతులన్నీ ఎవరూ అడక్కముందే ఆఫీసే బయట పెట్టాలి, ఇంటర్నెట్‌లో కూడా. ఐదో తరగతికి పాఠం చెప్పే గొంతుతో చదివి వినిపించాను. వరండాలో ఉన్నవాళ్ళంతా లోపలికి వచ్చారు.

"జర మెల్లగ టీచరమ్మా" అన్నాడు మేనేజర్.

మర్నాడు ఆడవాళ్ళం తట్టలతో సహా కమిషనర్ గదిలోకి నడిచాం. గదంతా నీచు వాసన. అత్త ఒక బొచ్చె చేప తీసి ఆయన ముందే దాని మొప్ప ఎత్తింది.

"చూడు సార్. కొనేటోళ్లకు మొప్ప ఎత్తి చూపిచ్చినంకనే మేం తూకమేస్తం. మా జాగ ఇంకొకలకు ఇచ్చేటప్పుడు మాకెందుకు చూపియ్యరు?"

కమిషనర్‌కు నవ్వొచ్చింది కానీ పూర్తిగా నవ్వలేకపోయాడు. మా ముందే కంప్యూటర్ ఆపరేటర్‌ను పిలిచి ఎజెండా వెబ్‌సైట్‌లో పెట్టించాడు. మా అంశం మీద జనం అభ్యంతరాలు విన్నాకే చర్చ అని వాయిదా వేయించాడు. ఇక చూడండి, మా దగ్గర చేపలు కొనే బొంగులూరు కాలనీల వాళ్ళు కూడా అది చదివి అభ్యంతరాలు రాశారు. ఆ చర్చ జరిగిన మీటింగు రోజు హాలు వెనక గోడ పొడుగునా మేమే నిలబడ్డాం. లీజు వద్దని తేల్చేశారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది మా కౌన్సిలరే, పాపం, ఆదివారం కూర గుర్తొచ్చి ఉంటుంది!

తర్వాతి మీటింగు ఎజెండా ఎవరూ అడక్కుండానే వెబ్‌సైట్‌లోకి వచ్చింది. చేపలు కోస్తున్నదాన్ని చేతులు కడుక్కుని ఫోన్ తీసి చదివాను: 'సాగర్ రోడ్డు చేపల మార్కెట్‌కు షెడ్డు, నల్లా కనెక్షన్ మంజూరు.' సంతోషానికి ఏడుపొస్తుందని నాకప్పుడే తెలిసింది.

"మళ్ల సదువు" అంది అత్త.

చదివాను.

"గట్ల కాదు, జర గట్టిగ సదువు."

లేచి నిలబడి, రోడ్డు మీద పోయే బస్సుల్లో వాళ్ళకు కూడా వినబడేలా చదివాను.