ఎడిన్‌బరో బస్సులో తెలుగు గొంతు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. కువైట్‌లోని సాల్మియాలో నేను పనిచేసే ఇంటి మేడ మీద జిన్ను ఉందని, సందె పడ్డాక అటు వెళ్లొద్దని, నాకు ముందు పనిచేసినావిడ మొదటి రోజే చెప్పింది. నేను రోజూ సందె పడ్డాకే వెళ్లి ఆరిన బట్టలు తెచ్చుకుంటాను. ఎప్పుడూ ఏమీ కనబడలేదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, మిగతాది విన్నవాళ్లు నన్ను పిచ్చిదనుకుంటారు. ఒక బస్సు నిండా జనం ఇప్పటికే అనుకున్నారు.

మాది రాయచోటి దగ్గర పల్లె. ఇంటర్ దాకా చదివాను. ఇక్కడ ఇంటి యజమానురాలిని మేం మామా అంటాం. మా మామాకు అత్తగారు ఉంది, ఆమెను పెద్ద మామా అంటాను. ఆమెను చూసుకోవడమే నా పని. షుగరు ముదిరి ఆమె కాళ్లకు స్పర్శ పోయింది. చక్రాల కుర్చీలోనే తిరుగుతుంది. చెవులూ సరిగా వినబడవు, గట్టిగా చెప్పాలి.

నిరుడు వేసవిలో వాళ్లు స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోకు వెళ్తూ పెద్ద మామా కోసం నన్నూ తీసుకెళ్లారు. ఆగస్టులో స్వెట్టర్ వేసుకోవడం నాకదే మొదటిసారి. ఒక పొద్దున ఊరు చూపించే టూరిస్టు బస్సెక్కాం. మామా భర్త, పిల్లలు పైన టాపు లేని అంతస్తులో కూర్చున్నారు. చక్రాల కుర్చీకి కింద చోటిచ్చారు. పెద్ద మామా పక్కన నేను, నా పక్కన మామా.

సీటు దగ్గర ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బటన్ తిప్పితే ఒక్కో భాషలో ఊరి గురించి చెబుతుంది. మామా అరబీ పెట్టుకుంది. నేను హిందీ వెతుకుతూ తిప్పుతున్నాను. ఉన్నట్టుండి తెలుగు వినిపించింది.

"ఎడం పక్క సూడు మే, కొండ మీద కోట. రాజులుండిన కోట."

అది మా వైపు యాసే. వయసు మళ్లిన ఆడమనిషి గొంతు. నాకు తెలిసినవాళ్లదెవరిదీ కాదు. మా ఇళ్లలో పోయినవాళ్లదీ కాదు. నిదానంగా, పొలం గట్టున నడుస్తూ చెబుతున్నట్టు చెప్పింది. తలెత్తితే నిజంగానే ఎడమ పక్క కొండ మీద కోట ఉంది.

నాకు భయం వెయ్యలేదు. పట్టరానంత సంతోషం వచ్చింది. మా భాష కూడా పెట్టారు అనుకున్నాను. లేచి నిలబడి, "మామా, దీంట్లో మా తెలుగుంది! వినండి!" అని అరబీలో కేకేశాను.

మామా చెవిలో పెట్టుకుని విని తల అడ్డంగా ఊపింది. బరబరమని శబ్దం తప్ప ఏమీ లేదంది. నేను ఊరుకోలేదు. వెనక సీట్లో మనవాళ్లలా కనబడిన ఒకావిడ చేతిలో ఇయర్‌ఫోన్లు పెట్టి, "సిస్టర్, సునియే" అని వినమన్నాను. ఆవిడా విని, జాలిగా నవ్వి తిరిగిచ్చేసింది. బస్సాగినప్పుడు డ్రైవర్ వచ్చి బటన్ మొత్తం తిప్పి చూపించాడు. అందులో తెలుగు లేదు. నేను విన్నానని గట్టిగా అన్నాను. ఎవరో ఫోన్‌లో వీడియో తీస్తున్నారు.

"కూర్చో. అందరూ చూస్తున్నారు. ఖలాస్, ఇక చాలు," అంది మామా, నా వైపు చూడకుండా.

కూర్చున్నాను. చెవులు కాలిపోతున్నాయి. ఎవరి మొహమూ చూడలేక మళ్లీ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఇంగ్లీషులో ఏదో చర్చి గురించి చెబుతున్నారు. మధ్యలో ఆ మాటలు ఆగిపోయాయి.

"సిగ్గుపడింది సాల్లే మే. పెద్దామె ఎడం కాలు పట్టి సూడు. సల్లబడింది."

ఇయర్‌ఫోన్లు లాగి ఒళ్లో పడేశాను. అప్పుడు భయం వేసింది. నా ఫోనులో వచ్చిందనుకోవడానికి లేదు, అది హోటల్లోనే ఉంది. పొద్దున పెద్ద మామాకు మేజోళ్లు తొడిగింది నేనే. రెండు కాళ్లూ వెచ్చగా, బాగానే ఉన్నాయి. ఇప్పుడు నడి బస్సులో ఆమె చెప్పు విప్పితే మామా నాకు మతి పోయిందనే ఖాయం చేసుకుంటుంది. కువైట్ చేరగానే అక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం రద్దు చేసి ఇంటికి పంపేస్తుంది. చాలాసేపు కదలకుండా కూర్చున్నాను.

చివరికి దుప్పటి సర్దుతున్నట్టు వంగి చెప్పు విప్పాను.

"మళ్లీ ఏం చేస్తున్నావ్? బస్సులో చెప్పు విప్పుతావా?" మామా నా భుజం పట్టుకుంది. నేను మేజోడు లాగేశాను. పాదం తెల్లగా పాలిపోయి, వేళ్లు నీలంగా తిరిగాయి. ఐసునీళ్లలోంచి తీసినట్టుంది. మామా ముట్టుకుని గట్టిగా అరిచింది.

అంబులెన్సు వచ్చింది. కాలి రక్తనాళంలో గడ్డ అడ్డం పడిందని, అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు. సాయంత్రం దాకా చూసుకోకపోతే కాలు తీసేయాల్సి వచ్చేదని డాక్టర్ అన్నాడు.

"నీకెలా తెలిసింది?" అని మామా అడిగింది.

"దుప్పటి సర్దుతుంటే చెయ్యి తగిలింది మామా."

అంతకు ముందు జరిగిన రభస తర్వాత ఇంకో మాట చెప్పే ధైర్యం నాకు లేదు. మామా నన్ను కావలించుకుని ఏడ్చింది. తన చేతి గాజు తీసి నాకు తొడిగింది.

కువైట్ వచ్చాక ఆ కథ మొదలైంది. ఎవరు చుట్టపుచూపుగా వచ్చినా మామా నన్ను పిలిచి, "మా అత్తగారి కాలు కాపాడింది ఈ పిల్లే. కళ్లంటే ఇవీ కళ్లు!" అంటుంది. నేను చాయ్ ట్రే పట్టుకుని తల దించుకుని నిలబడతాను. ఎంత అణకువో చూడండి అంటారు వాళ్లు. నాకేమో నేల చీలిపోతే బావుండనిపిస్తుంది. బస్సులో అంతమంది వింతగా చూసినప్పుడు కూడా ఇంత సిగ్గు వెయ్యలేదు. అక్కడ నేను నిజమే చెప్పాను. గాజు మామా ఎదురుగా ఉన్నప్పుడే వేసుకుంటాను.

కాలి సంగతి చెప్పింది ఆ గొంతేనని నేను ఎవరితోనూ అనలేదు. మా అక్కతో కూడా.

మొన్నామధ్య మధ్యాహ్నం పూట పెద్ద మామా పాదాలకు నూనె రాస్తున్నాను. మామా బజారుకెళ్లింది. ఇంట్లో మేమిద్దరమే. ఆమె నా మొహంలోకి చూస్తూ అడిగింది.

"ఆ రోజు బస్సులో నా కాలు పట్టి చూడమందే, ఆ ముసలావిడ ఎవరు? మీ ఊరి మనిషా?"

నా చెయ్యి ఆగిపోయింది. ఆమె ఆ రోజు ఇయర్‌ఫోన్లు పెట్టుకోలేదు. ఆమెకు తెలుగులో ఒక్క ముక్క రాదు. పక్కనున్న మనిషి కేకేస్తే తప్ప వినబడదు.

"నాకు తెలీదు పెద్ద మామా," అన్నాను ఆమె చెవి దగ్గర.

"మంచి మనిషి," అని ఆమె రెండో కాలు నా ఒళ్లో పెట్టింది.

ఆ విషయంలో ఈ ఇంట్లో నేను చెప్పిన మొదటి నిజం అదే. అంతకు మించి ఇప్పటికీ నాకు తెలియదు.